తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది? – మన లెక్కల కాపలా కథ



ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలో ఎక్కువసేపు చర్చ జరిగింది రుణాల మీద కాదు, కంప్యూటర్ల మీద. సమాఖ్య కంప్యూటర్లు, ట్యాబులు, ఇంటర్నెట్టు, వాటి రక్షణ, ఇవన్నీ నెలకు ఇంత అని మాట్లాడుకుని బయటి సర్వీసువాళ్లకు అప్పగిద్దామా అన్నది అజెండాలోని అంశం. ఇప్పటిదాకా పాడైనప్పుడు మాత్రమే మనిషిని పిలుస్తున్నాం. ఇకమీదట పాడవకముందే వాళ్లు చూసుకుంటారు. ఇచ్చేద్దాం అన్నారు చాలామంది. అప్పుడు వెనక వరుసలోంచి ఒక పెద్దామె లేచి ఒకటే మాట అడిగింది. "ఇస్తే ఇద్దాం గానీ, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది?"

ఆ రోజు ఎవరమూ తిన్నగా జవాబు చెప్పలేకపోయాం. తీర్మానం వాయిదా వేసి, ఈ సంగతిలో ఇంతవరకు ఎక్కడెక్కడ ఏం జరిగిందో కూడబెట్టి వార్షిక నివేదికలో రాయాలని అనుకున్నాం. అదే ఈ వ్యాసం.

పెట్టె, పుస్తకం, రెండు సంతకాలు

మన ఉద్యమానికి 1992 గుర్తుపెట్టుకోదగిన సంవత్సరం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకింది. సారాకు పోయే రూపాయి పొదుపులోకి మళ్లింది. అదే ఏడాది నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం దేశంలో మొదలుపెట్టింది. 2000లో వెలుగు, తర్వాత ఇందిరా క్రాంతి పథం వచ్చాయి. గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు గట్టిపడ్డాయి.

ఆ రోజుల్లో మనకు నేర్పిన పంచసూత్రాలు అందరికీ నోటికి వచ్చినవే. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. అయిదో సూత్రాన్ని మనం లెక్కల పని అనుకున్నాం. ఇప్పుడు వెనక్కి చూస్తే అది కాపలా పని కూడా. ఎలాగంటే, పుస్తకం సమావేశంలో అందరి ముందే తెరిచేవాళ్లం. ఎవరు ఎంత కట్టారో పైకి చదివేవాళ్లం. చదువురాని అక్కలు అంకెలు మనసులో పెట్టుకుని, తేడా వస్తే అక్కడే పట్టుకునేవారు. సంఘం పుస్తకంలో ఒక లెక్క, సభ్యురాలి పాసు పుస్తకంలో అదే లెక్క. ఒకటి చిరిగినా ఇంకొకటి ఉంటుంది. బ్యాంకులో డబ్బు తీయాలంటే ఒక్కరి సంతకం చాలదు.

ఇది మన ఒక్కళ్ల తెలివి కాదు. ఆఫ్రికాలోని నైజర్ దేశంలో, మరాడి అనే ప్రాంతంలో 1991లో కేర్ సంస్థ ఆడవాళ్లతో పొదుపు సంఘాలు మొదలుపెట్టింది. అక్కడ ఊళ్లలో బ్యాంకులు లేవు. అందుకని డబ్బును ఇనప్పెట్టెలో దాచుకునే పద్ధతి పెరిగింది. ఆ పెట్టెకు మూడు తాళాలు. తాళంచెవులు ముగ్గురు సభ్యుల దగ్గర, పెట్టె మాత్రం నాలుగో ఆమె ఇంట్లో. ముగ్గురూ వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది, అదీ సమావేశంలోనే. ఎవరి మీదో అనుమానం ఉండి పెట్టిన పద్ధతి కాదిది. ఏ ఒక్కరి మీదా అంత బరువు పడకూడదని, ఏ ఒక్కరూ నింద మోయకూడదని పెట్టినది.

కంప్యూటరు వచ్చాక

తర్వాత మన లెక్కలు కంప్యూటరెక్కాయి. 2011లో స్త్రీనిధి వచ్చాక అప్పు అర్జీ ఫోను మీదుగానే పోయింది. 2014లో జనధన్ ఖాతాలు, 2016లో యూపీఐ, బ్యాంకు మిత్ర దగ్గర బొటనవేలితో డబ్బు. పని తేలికైంది, సందేహం లేదు. ఒకప్పుడు రోజంతా పట్టే పని ఇప్పుడు కూర్చున్నచోటే అవుతుంది.

కానీ ఒకటి గమనించలేదు. పుస్తకాన్ని పదిమంది ముందు తెరిచేవాళ్లం, కంప్యూటరును ఒక్కరే తెరుస్తున్నారు. మూడు తాళాలు పోయి ఒక్క పాస్‌వర్డు మిగిలింది.

కంప్యూటరుకు తాళం వేసి డబ్బడిగే దొంగతనం కొత్తదేమీ కాదు. 1989లోనే ఎయిడ్స్ గురించిన సమాచారం అంటూ సుమారు 20,000 ఫ్లాపీ డిస్కులు పోస్టులో చాలా దేశాలకు పోయాయి. డిస్కు వేసుకున్న కంప్యూటరును కొన్నాళ్లు వాడాక ఫైళ్ల పేర్లు మారిపోయేవి. బాగు కావాలంటే 189 డాలర్లు పనామా దేశంలోని ఒక పోస్టు బాక్సుకు పంపమని రాసి ఉండేది. ఇప్పుడు దీన్నే రాన్సమ్‌వేర్ అంటున్నారు. అంటే మన ఇంటికి వేరేవాడు తాళం వేసి, తీయడానికి మననే కూలి అడగడం.

2017 మే నెలలో వాన్నాక్రై అనేది వచ్చి 150 దేశాల్లో కంప్యూటర్లను బిగించేసింది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. నిజానికి ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. "తర్వాత చేద్దాం" అన్నవాళ్లు దొరికిపోయారు. అప్‌డేట్ అని తెరమీద వచ్చినప్పుడల్లా మనమూ "తర్వాత" అనే నొక్కుతాం కదా!

చిన్న బ్యాంకుల మీద పడ్డారు

దొంగలు పెద్ద పెద్ద కంపెనీల మీదే పడతారని మనం అనుకునేవాళ్లం. మన దేశంలో జరిగింది చూస్తే అలా లేదు. పెద్ద బ్యాంకుకు కాపలా మనుషులు ఎక్కువ. సహకార బ్యాంకులో డబ్బు ఉంటుంది, కాపలా తక్కువ.

పుణెలోని కాస్మోస్ సహకార బ్యాంకు 1906లో పుట్టినది. 2018 ఆగస్టు 11, 13 తేదీల్లో అక్కడ 94 కోట్లకు పైగా పోయింది. ఏటీఎంలో కార్డు పెట్టగానే "ఈ ఖాతాలో డబ్బుందా?" అని యంత్రం బ్యాంకును అడుగుతుంది. దొంగలు బ్యాంకు కంప్యూటర్లలోకి దూరి, ఆ ప్రశ్న అసలు బ్యాంకుదాకా పోకుండా మధ్యలోనే "ఉంది, ఇచ్చెయ్" అని చెప్పే ఏర్పాటు చేశారు. నిజం గుమస్తా పక్కన దొంగ గుమస్తా కూర్చున్నట్లు. నకిలీ కార్డులతో 28 దేశాల్లోని ఏటీఎంల నుంచి గంటల్లోనే డబ్బు లాగేశారు. అదే ఏడాది అక్టోబరులో రిజర్వు బ్యాంకు పట్టణ సహకార బ్యాంకులకు కనీస సైబర్ భద్రతా నియమాలు ఇచ్చింది.

నియమాలు వచ్చినా పాటించేవాళ్లు కావాలి. హైదరాబాదులోని మహేష్ సహకార బ్యాంకు సంగతి చూడండి. 2022 జనవరిలో అక్కడ 12 కోట్ల 48 లక్షలు పోయాయి. పోలీసులు తవ్వితే కథ రెండు నెలల ముందుకు పోయింది. 2021 నవంబరులో బ్యాంకు సిబ్బందికి 200కు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. ఒకరిద్దరు తెరిచారు. అంతే, దొంగలు లోపల కూర్చుని తీరిగ్గా అన్నీ చూసుకున్నారు. బయటివాళ్లను ఆపే ఫైర్‌వాల్‌కు సరైన లైసెన్సు లేదని, అన్నిటినీ తెరవగల పెద్ద అధికారం పదిమందికి ఇచ్చారని, వాళ్లలో కొందరికి ఒకే పాస్‌వర్డు ఉందని పోలీసులు చెప్పారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

ఇందులో మనకు ఇంకో పాఠం కూడా ఉంది. పోయిన డబ్బు ముందు కొన్ని ఖాతాల్లో పడి, అక్కడినుంచి వందల ఖాతాల్లోకి పాకింది. కమీషన్ ఆశకు తమ ఖాతాను వాడుకోనిచ్చినవాళ్లు కూడా అరెస్టయ్యారు. "నీ ఖాతాలో డబ్బు వేస్తాం, తీసివ్వు, వెయ్యి ఉంచుకో" అని ఎవరన్నా అంటే అది సాయం అడగడం కాదు. మన మెడకు ఉరి తగిలించడం.

కాపలాదారు ఇంట్లోనే దొంగ పడితే

సరే, మనకు చేతకాదు, తెలిసినవాళ్లకే కాపలా ఇచ్చేద్దాం అంటే? అలా ఇచ్చినవాళ్ల కథలు రెండు.

2021 జులై 2న అమెరికాలోని కసేయా అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద దాడి జరిగింది. చిన్న వ్యాపారుల కంప్యూటర్లను దూరంనుంచి చూసుకునే సర్వీసువాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ అది. పళ్ల డాక్టర్లు, ఆడిటర్లు, చిన్న చిన్న కొట్లవాళ్లు ఇలాంటి సర్వీసుల మీదే ఆధారపడతారు. నేరుగా దెబ్బతిన్న సర్వీసువాళ్లు 60 మంది లోపే. కానీ వాళ్ల కింద ఉన్న వ్యాపారాలు 1,500 దాకా చిక్కుకున్నాయి. అక్కడెక్కడో స్వీడన్ దేశంలో కోప్ అనే దుకాణాలు ఉన్నాయి. అవి కూడా మనలాంటి సహకార సంఘాలవే, సభ్యులే యజమానులు. బిల్లు కొట్టే యంత్రాలు ఆగిపోయి సుమారు 800 దుకాణాలు మూసుకోవాల్సి వచ్చింది. కోప్‌వాళ్లు కసేయా పేరు మీద ఏదీ కొనలేదు. వాళ్ల బిల్లింగు చూసే సర్వీసువాళ్లు దాన్ని వాడుతున్నారు. సర్వీసువాళ్ల తలుపులోంచి వచ్చి మూడో ఇంట్లో పడ్డారన్నమాట.

రెండోది మన దేశంలోనే. 2024 జులై నెలాఖరున సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. సహకార బ్యాంకులకు, ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులకు కంప్యూటరు వ్యవస్థ నడిపే కంపెనీ అది. స్టేట్ బ్యాంకు, టీసీఎస్ కలిసి పెట్టినది, చిన్నదేమీ కాదు. దాడి ఇంకా పాకకుండా చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ఆ కంపెనీకి ఉన్న లింకును తెంపేసింది. దాంతో దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ, ఏటీఎంలు కొంతసేపు ఆగిపోయాయి. మర్నాటికి సర్దుకుంది. ఆ బ్యాంకుల తప్పేమీ లేదు. వాళ్ల ఖాతాదారుల తప్పు అసలే లేదు.

అయితే ఈ కథల అర్థం సర్వీసు పెట్టుకోకూడదని కాదు. రాత్రంతా నిద్ర మేల్కొని కంప్యూటర్లను కాచే శక్తి చిన్నవాళ్లకు ఉండదు. తెలిసినవాళ్ల సాయం తీసుకోవాల్సిందే. 2023 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు కంప్యూటరు పనులు బయటికిచ్చే సంస్థలకు ఒక ఆదేశం ఇచ్చింది. అందులో ముఖ్యమైన సంగతి ఇదే. పని బయటికి ఇచ్చినంత మాత్రాన బాధ్యత బయటికి పోదు. పొలం కౌలుకిచ్చినా పాసు పుస్తకం మన పెట్టెలోనే ఉంటుంది కదా, అలాగన్నమాట.

మార్చుకోలేని తాళంచెవి

బ్యాంకుల సంగతి అలా ఉంచితే, మన ఒంటిమీదే ఒక తాళంచెవి ఉంది, బొటనవేలు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసుకుని, నకిలీ ముద్రలు చేసి, వాటితో వేల సిమ్ కార్డులు తెరిచాడు. తర్వాత అదే దారిలో ఆధార్‌తో డబ్బు తీసే చోట కూడా మోసాలు జరిగాయి. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. వేలిముద్ర పోతే ఏం మార్చుకుంటాం? అందుకే ఆధార్ యాప్‌లోగానీ వెబ్‌సైటులోగానీ వేలిముద్రకు లాక్ వేసుకునే వీలు పెట్టారు. డబ్బు తీసేటప్పుడు తెరవాలి, తర్వాత మళ్లీ వేయాలి. ప్రతి గ్రామ సంఘంలోనూ ఈ పని చేయించాలి.

మన దాకా వచ్చిన రోజు

ఇక మన సంగతి. కొత్త సభ్యులకు తెలియదు, పాతవాళ్లు మరిచిపోవాలనుకుంటున్నారు. కానీ రాయకపోతే తప్పవుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక సోమవారం పొద్దున బుక్ కీపర్ అమ్మాయి కంప్యూటరు తెరిస్తే ఏ ఫైలూ తెరుచుకోలేదు. తెరమీద ఇంగ్లీషులో ఒక చీటీ. డబ్బు కడితే తెరుస్తామని. కాపీ ఉందిగా అని పెన్‌డ్రైవ్ చూస్తే, అది ఎప్పుడూ కంప్యూటరుకే గుచ్చి ఉండేది గనక అదీ బిగుసుకుపోయింది.

ఆ మధ్యాహ్నం అత్యవసర సమావేశం పెట్టాం. అందరం ఆ అమ్మాయి వైపే చూశాం. "ఏం నొక్కావ్?" "ఫోనులో సినిమాలు చూశావా?" ఇలా తలో మాట అన్నాం. ఒకామె అయితే డబ్బు మాట కూడా ఎత్తింది. ఆ అమ్మాయి ఒక్క మాటా తిరిగి అనలేదు. ఇంటికి వెళ్లి ఒక సంచి తెచ్చింది. అందులో చేత్తో రాసిన లెడ్జర్లు. కంప్యూటరు వచ్చాక పుస్తకాలు రాయొద్దు, టైము దండగ అని మనమే చెప్పాం. ఆమె మాత్రం రాత్రిపూట ఇంట్లో రాస్తూనే వచ్చింది. ఆ పుస్తకాలు, గ్రామ సంఘాల రికార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టుకుని వారాల తరబడి కూర్చుని లెక్కలు మళ్లీ కట్టాం. దొంగకు ఒక్క రూపాయీ ఇవ్వలేదు. బ్యాంకులో డబ్బు కదలలేదు, ఎందుకంటే అక్కడ ఇంకా రెండు సంతకాలు ఉన్నాయి.

తర్వాత తెలిసింది అసలు సంగతి. ఏఎంసీ కింద కంప్యూటరు చూసే షాపతను, ప్రతిసారీ రావడం ఎందుకని, దూరంనుంచి తెరిచే సాఫ్ట్‌వేర్ పెట్టి వదిలేశాడు. తన దగ్గరున్న కస్టమర్లందరికీ ఒకటే పాస్‌వర్డు పెట్టుకున్నాడు. దొంగ వచ్చింది ఆ తలుపులోంచే. అతను దొంగ కాదు, అతనూ మనలాగే చిన్న వ్యాపారి. అడగని తప్పు మనది. మూడేళ్లు ఏఎంసీ డబ్బు కట్టాం, మా ఇంటికి నీ దగ్గర ఎన్ని తాళంచెవులున్నాయని ఒక్కసారీ అడగలేదు.

ఆ అమ్మాయికి ఆ రోజు క్షమాపణ చెప్పలేదు. లెక్కలు తేలాక మెచ్చుకున్నాం, అంతే. మెచ్చుకోలు వేరు, క్షమాపణ వేరు. మూడు తాళాల పెట్టె ఎందుకో అప్పుడు మనకు తెలిసి ఉంటే, బరువంతా ఒక్కరి మీద పెట్టి, నిందంతా ఒక్కరి మీద వేసేవాళ్లం కాదు. ఈ ఏడాది కార్యవర్గ సమావేశంలో ఆ మాట మినిట్స్‌లో రాసి, ఆమె ముందు చదివి, అందరం సంతకాలు చేశాం. ఆలస్యమైంది, నిజమే.

ఇప్పుడు మన షరతులు

సర్వీసు పెట్టుకుందామనే కార్యవర్గం సిఫారసు చేస్తోంది. వచ్చే సమావేశంలో తీర్మానానికి పెట్టే షరతులు ఇవి. ప్రతి గ్రామ సంఘంలో చదివి, మార్పులు చెప్పండి.

1. ఒక్కొక్కరికి ఒక్కో పేరు, ఒక్కో పాస్‌వర్డు. సర్వీసువాళ్లు వాళ్ల పేరుతోనే లోపలికి రావాలి. అన్నిటికీ పెద్దదైన పాస్‌వర్డు సీలు కవరులో బీరువాలో ఉంటుంది. బీరువా తాళంచెవి కోశాధికారి దగ్గర. కవరు తెరవాలంటే అధ్యక్షురాలు, కార్యదర్శి ఇద్దరూ ఉండాలి, మినిట్స్‌లో రాయాలి.

2. దూరంనుంచి తెరవాలంటే ముందు ఫోను చేసి చెప్పాలి. మనం ఒప్పుకున్నాకే తెరవాలి. పనయ్యాక మూసేయాలి. ఎప్పుడు వచ్చారు, ఏం చేశారు డైరీలో ఉండాలి.

3. లెక్కల కాపీలు మూడుచోట్ల ఉండాలి. ఒకటి కంప్యూటరులో, ఒకటి ఆన్‌లైన్‌లో, ఒకటి విడి డిస్కులో. డిస్కు కాపీ కాగానే తీసి బీరువాలో పెట్టాలి. మూడు నెలలకోసారి ఆ కాపీ తెరుచుకుంటుందో లేదో మన ఎదుట చూపించాలి.

4. అప్‌డేట్లు ఆలస్యం కాకూడదు. ఏ నెల ఏం చేశారో ఒక పేజీ, తెలుగులో ఇవ్వాలి. అది నెల సమావేశంలో పైకి చదువుతాం.

5. వాళ్ల దగ్గరగానీ మన దగ్గరగానీ తేడా జరిగితే ఆ రోజే చెప్పాలి. ఇలాంటి సంఘటనలు తెలిసిన 6 గంటల్లోగా చెప్పాలని 2022లో కేంద్రంలోని సెర్ట్-ఇన్ సంస్థలకు ఆదేశం ఇచ్చింది. దాచిపెడితే ఒప్పందం రద్దు.

6. డబ్బు కదిలేచోట వాళ్ల చెయ్యి ఉండకూడదు. అక్కడ ఎప్పటిలా మన సంతకాలే.

7. మానుకుని వెళ్తే మన లెక్కలు, మన పాస్‌వర్డులు అన్నీ అప్పగించి, వాళ్ల దగ్గర ఏమీ మిగల్చకుండా వెళ్లాలి.

సభ్యులు ఇళ్లలో చేయాల్సింది కూడా ఉంది. ఓటీపీ అడిగితే అధికారి అయినా, అల్లుడైనా చెప్పొద్దు. డబ్బు పోతే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే 1930కు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు దొంగ ఖాతాల్లో ఆగే అవకాశం అంత ఎక్కువ. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు కాకూడదు. మోసపోయిన అక్కను సంఘంలో ఎవరూ తప్పుపట్టకూడదు. తప్పుపడితే తర్వాతి ఆమె చెప్పదు. ఆ సంగతి మనకు ఒకసారి అనుభవమైంది.

పెద్దామె ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలం. పని వాళ్లకు ఇద్దాం పెద్దమ్మా. తాళంచెవులు మాత్రం మన దగ్గరే ఉంటాయి. అవీ ఒక్కరి దగ్గర కాదు, ముగ్గురి దగ్గర. చేత్తో రాసే లెడ్జరు కూడా మానం. అది రాసే బుక్ కీపర్‌కు ఈ ఏడాది నుంచి ఆ పనికి వేరే గౌరవ వేతనం ఇవ్వాలని కూడా తీర్మానంలో చేర్చాం.